తొమ్మిది తెరల క్లాసు

మీలో రిపేరు పని చేసుకుని బతుకుతున్న కుర్రవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇప్పుడు గేమ్ ఆడే పెట్టెను కంప్యూటర్ మానిటర్‌కు కలపాలంటే దుకాణానికి వెళ్లి వేలెడంత అడాప్టర్ కొనుక్కొస్తారు. అటొక వైరు, ఇటొక వైరు గుచ్చితే బొమ్మ వస్తుంది. రాకపోతే దాన్ని పారేసి ఇంకోటి తెస్తారు. తొంభైల నడుమ షోలాపూర్‌లో అలాంటి వస్తువు ఒకటి ఉంటుందని కూడా ఎవరికీ తెలియదు. నేను అలాంటివి తొమ్మిది చేశాను. పుస్తకం చూసి కాదు, ఎవరినో అడిగి కాదు, నా సొంత బుర్రతో చేశాను. ముప్పై అయిదేళ్ల పనిలో నా చేతికి అంత బాగా కుదిరిన పని ఇంకొకటి లేదు. దాని గురించి ఇంతకాలం మా ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి చాదర్ల మగ్గం మీద బతికినవాడు. మా పేటలో మగ్గం నడిచే గదీ, మనుషులు పడుకునే గదీ ఒకటే. ఆ చప్పుడులో పెరిగాను కాబట్టి చప్పుడు లేని పని కావాలనుకున్నాను. ఐటీఐలో రేడియో, టీవీ పని నేర్చుకుని అశోక్ చౌక్ దగ్గర ఒక టీవీల దుకాణంలో చేరాను. అందరూ నన్ను మిస్త్రీ అనే పిలిచేవాళ్లు. సైకిల్ బాగుచేసేవాడూ మిస్త్రీయే, గోడ కట్టేవాడూ మిస్త్రీయే, నేనూ మిస్త్రీనే. దాని మీద నాకు లోలోపల కొంచెం మంట ఉండేది. ఆ మంట సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగినదాంట్లో సగం దానివల్లే జరిగింది.

మా దుకాణం పైఅంతస్తులో ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. యజమాని మన తెలుగువాడే, మాట తీపిగా ఉండే మనిషి. టైపు మిషన్లకు కాలం చెల్లిపోతోందని ఆయన అందరికంటే ముందు కనిపెట్టాడు. ఒకరోజు బొంబాయి నుంచి పది అట్టపెట్టెలు దింపించాడు. విప్పి చూస్తే టీవీ గేములు. మామూలువి కాదు, కీబోర్డు ఉన్నవి. లోపల పెట్టే కేసెట్‌లో విమానాలు, ట్యాంకులు, కుస్తీలతో పాటు టైపింగ్ నేర్పే పాఠం ఒకటి, అక్షరాలు కొట్టుకోవడానికి ఒక ఖాళీ పేజీ ఉండేవి. అదే వారం ఒక మిల్లు ఆఫీసువాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటర్ మానిటర్లు కూడా పది తెప్పించాడు. పచ్చటి అక్షరాలు వచ్చే రకం. అన్నీ నా ముందు పెట్టించాడు.

"మిస్త్రీ, గీ రెండిటికి లగ్గం చెయ్యాలె" అన్నాడు.

"టీవీకి పెడితె సీదా నడుస్తయి గదా సేఠ్?"

"టీవీకి పెడితె ఆటసామాను అంటరు. గిది కంప్యూటర్ లెక్క కనబడాలె. నీతోని కాదంటే చెప్పు, పుణె నుంచి మనిషిని పిలిపిస్త."

ఆ చివరి మాట ఆయన తెలిసే అన్నాడు. నాతో కాదని నేనెందుకు అంటాను?

పని గురించి రెండు ముక్కలు చెబుతాను. గేమ్ పెట్టె ఒకే వైరులో రెండు సంగతులు కలిపి పంపుతుంది. ఒకటి బొమ్మ, రెండోది ఆ బొమ్మ గీతల్ని వరుసలో నిలబెట్టే తాళం. ఆఫీసు మానిటర్‌కు ఈ రెండూ వేరువేరు వైర్లలో కావాలి. పైగా అది గీతలు గీసే వేగం ఎక్కువ, గేమ్ పెట్టె వేగం తక్కువ. చిక్కుపడిన పడుగును పోగు పోగుగా విడదీసినట్టు ఆ సిగ్నల్‌ను విడదీయడానికి చిన్న బోర్డు ఒకటి తయారుచేయాలి. ఆ తర్వాత మానిటర్‌ను తెరిచి దాని వేగాన్ని గేమ్ పెట్టె వేగానికి దించాలి. మొదటి మానిటర్‌ను నేనే కాల్చేశాను. వేగం కుదరకుండానే తొందరపడి ఎక్కువసేపు నడిపాను. లోపలి హై వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ మాడిన వాసన కిందనున్న చాయ్ హోటల్ దాకా వెళ్లింది. అలా పది తొమ్మిదయ్యాయి.

మూడు వారాలు పట్టింది. పంతొమ్మిదో రోజునో ఇరవయ్యో రోజునో బొమ్మ నిలబడింది. పచ్చటి అక్షరాలు, అంచులు కోసినట్టున్నాయి, ఒక్కటీ వణకడం లేదు. నేను దాని ముందు బల్ల మీద కూర్చుని చాలాసేపు ఊరికే చూశాను. గేమ్ పెట్టెల్ని బల్లల కింద చెక్క డబ్బాల్లో బిగించి, కీబోర్డు మాత్రమే పైకి కనబడేట్టు చేయమన్నాడు యజమాని. అదీ చేశాను. బయట కంప్యూటర్ క్లాస్ అని బోర్డు పడింది. నేర్పడానికి మనిషి కావాలి. లోపలున్న సంగతి తెలిసినవాడే అయితే మంచిదనుకున్నాడు కాబోలు, మధ్యాహ్నాలు నన్నే నేర్పమన్నాడు.

మొదటి రోజు క్లాసులో అడుగుపెట్టగానే ఆడపిల్లలందరూ లేచి నిలబడి "నమస్తే సార్" అన్నారు. నా జన్మలో నన్నెవరూ సార్ అనలేదు. ఆ మాట ఎంత బాగుంటుందో అనిపించుకుంటే గానీ తెలియదు.

క్లాసులో ఎక్కువమంది బీడీలు చుట్టే ఇళ్ల పిల్లలు. ఎనిమిదేళ్లకే ఆకు కత్తిరించడం నేర్చుకున్న వేళ్లు వాళ్లవి. కీబోర్డు మీద ఆ వేళ్లు పరుగెత్తేవి, నేర్పే అవసరమే ఉండేది కాదు. వాళ్లలో ఒకమ్మాయి గురించే ఇదంతా. అప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు. తండ్రి లేడు. తల్లి, అన్న, కొత్తగా కాపురానికొచ్చిన వదిన ఉన్నారు. మాట తక్కువ. ఏదైనా అర్థం కాకపోతే రెండోసారి అడగడానికి సిగ్గుపడేది కాదు. క్లాసులో అందరికంటే వేగంగా, తప్పుల్లేకుండా కొట్టేది ఆమే.

మా క్లాసుకు కొన్ని పద్ధతులుండేవి. నేను అరగంట ముందే వెళ్లి తొమ్మిదీ ఆన్ చేసి, ఒక్కోదాన్నీ ఖాళీ పేజీ దాకా తెచ్చి ఉంచేవాణ్ణి. పిల్లలు వచ్చేసరికి విమానాలూ ట్యాంకులూ ఉన్న మొదటి పేజీ ఎవరికీ కనబడకూడదు. కరెంటు పోయి వస్తే మళ్లీ ఆ పేజీయే వస్తుంది కదా. అందుకని కరెంటు పోగానే "మిషన్లు చల్లబడాలి, అందరూ బయట నిలబడండి" అనేవాణ్ణి. వాళ్లు వరండాలో నిలబడి మాట్లాడుకుంటుంటే నేను లోపల ఒక్కో బల్ల దగ్గరికీ దొంగలా తిరిగేవాణ్ణి. ఒకసారి ఒక పిల్ల తొంగి చూసి "సార్, ఆ ఇమానం ఏంది?" అంది. టెస్టింగ్ బొమ్మ అన్నాను. ఆమె తలూపింది. సార్ చెప్పాక నిజమే అయి ఉంటుంది కదా.

ఇంకో పద్ధతి ముఖ్యమైనది. ఆ పెట్టెల్లో ఏదీ దాచుకోవడానికి లేదు. ఎంత రాసినా ఆపేస్తే పోతుంది. అందుకని క్లాసు చివర పావుగంట, తెర మీద ఉన్నదంతా పిల్లలు తమ నోటు పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించుకోవాలి. తర్వాత గోడ మీద స్విచ్ ఆపి, మానిటర్ మీద గుడ్డ కప్పి, లేచి నిలబడాలి. ఈ పద్ధతి పెట్టింది నేనే. వాళ్ల రాత కూడా బాగుపడుతుందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

రెండో నెలలోనో ఏమో, ఒక మధ్యాహ్నం అందరూ వెళ్లాక ఆ అమ్మాయి ఆగిపోయింది.

"సార్, ఒక మాట అడగాల్నా?"

"అడుగమ్మా."

"నాకు కార్డు ఉంది సార్, నా పేరు మీద. క్లాసుకొస్తుంటే రోజు బీడీలు పూర్తయితలేవు. బ్రాంచిల మునీమ్ చెప్పిండు, గిట్లనే అయితె పేరు కొట్టేస్తరంట. మా వదిన పేర చెయ్యిమంటున్నరు ఇంట్ల. చెయ్యాల్నా సార్? గిది నేర్సుకుంటె నౌకరి వస్తదా?"

కార్డు అంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. బీడీ కంపెనీ బ్రాంచిలో, అక్కడి గుమాస్తా అయిన మునీమ్ రిజిస్టర్‌లో, ఎవరి పేరు మీద కార్డు ఉంటే వాళ్లే కార్మికులు. వాళ్లకే ప్రావిడెంట్ ఫండు, కార్మికుల దవాఖాన, సర్కారు ఇళ్లు కట్టిస్తే అందులో ఇల్లు. కార్డు లేని మనిషి ఎన్ని లక్షల బీడీలు చుట్టినా ఆమె ఎవరూ కాదు. మా పేటలో ఎంతోమంది ఆడవాళ్లకు తమ పేరున్న కాగితం అదొక్కటే. ఈ అమ్మాయికి పద్దెనిమిది నిండగానే తల్లి బ్రాంచి చుట్టూ తిరిగి తిరిగి కార్డు చేయించింది. ఒకసారి పేరు మారితే మళ్లీ వెనక్కి రావడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అందుకే ఆమె ఇంట్లోవాళ్ల మాట మీద కాకుండా నా మాట మీద ఆధారపడాలనుకుంది.

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. కార్డు వదలొద్దు తల్లీ, ఇది నువ్వనుకుంటున్న మిషన్ కాదు అని ఒక్క ముక్క. నోట్లోకి వచ్చింది కూడా. కానీ ఆమె సార్ అంటూ నా మొహంలోకి చూస్తోంది.

"వదిన పేర చేయించు. నీకు పని దొరికే పూచీ నాది" అన్నాను.

ఆ వారమే కార్డు మారిపోయింది.

ఏడాది గడిచింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని నాకు నిజంగానే ఉండేది. టవల్స్ బయటి దేశాలకు పంపే ఒక ఆఫీసులో స్టెబిలైజర్లు, ఇంటర్‌కామ్ నేనే చూసేవాణ్ణి. అక్కడ అసలైన కంప్యూటర్ మీద ఉత్తరాలు కొట్టడానికి మనిషి కావాలన్నారు. మేనేజర్‌తో ఈమె గురించి చెప్పాను. ఒకరోజు పొద్దున పంపమన్నాడు. టైపింగ్ వస్తే చాలు, మిగతాది చూస్తూ నేర్చుకుంటుందని నాకు ధైర్యం. నేర్పని సంగతులు ఎన్ని ఉన్నాయో నేను కూర్చుని లెక్క వేసుకోలేదు. ఆ రోజు స్టెబిలైజర్ చూసే వంకతో నేనూ అక్కడికి వెళ్లాను.

ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని వచ్చింది. మేనేజర్ మరాఠీ ఆయన, పెద్దమనిషి. తనే మిషన్ ఆన్ చేయించి, రాసే పేజీ తెరిపించి, ఇంగ్లీషులో ఉన్న ఒక ఉత్తరం ఆమె పక్కన పెట్టాడు. "బేటీ, ఇది కొట్టి నాకు ఇవ్వు" అని పక్క గదిలోకి ఫోన్ మాట్లాడటానికి వెళ్లాడు.

ఆమె కొట్టడం మొదలుపెట్టింది. పక్క బల్లల వాళ్లు తలెత్తి చూశారు. అంత వేగం ఆ ఆఫీసులో ఎవరికీ లేదు. నేను మూలన స్టెబిలైజర్ మూత విప్పుకుని కూర్చుని లోపల్లోపల పొంగిపోయాను. ఉత్తరం అయిపోయింది. మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదువుకుంది. ఒకచోట అక్షరం దిద్దింది. ఆ తర్వాత చేతిసంచీలోంచి నోటు పుస్తకం తీసింది.

నాకు అప్పుడే అర్థమైంది. పెన్ను మూత తీసి, తెర వైపు చూస్తూ, పుస్తకంలోకి మొత్తం ఎక్కించడం మొదలుపెట్టింది. గుండ్రటి అక్షరాలు, వరుసకు వరుస. క్లాసులో ఏడాది పాటు ఎలా చేసిందో అలాగే. ఆ ఉత్తరం ఎక్కించడానికి ఆమెకు నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది. నేను ఆమెకు పది అడుగుల దూరంలో ఉన్నాను. లేచి వెళ్లి, వద్దమ్మా, ఇక్కడ అక్కర్లేదు, ఈ మిషన్ దాచుకుంటుంది అని చెబితే సరిపోయేది. కానీ అలా చెబితే మరి మీ క్లాసులో మిషన్లు దాచుకోవా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎలాంటి మిషన్లు అని అడుగుతారు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని స్టెబిలైజర్ లోపలికి చూస్తూ కూర్చున్నాను. అక్కడ చూడటానికి ఏమీ లేదు. అది బాగానే ఉంది.

ఆమె రాయడం ముగించింది. గోడ మీద స్విచ్ ఆపింది. మానిటర్ మీద గుడ్డ కప్పింది. లేచి నిలబడి, మేనేజర్ రాగానే పుస్తకం రెండు చేతులతో అందించింది.

"అయిపోయింది సార్."

ఆయన పుస్తకం చూశాడు, గుడ్డ కప్పిన మానిటర్‌ను చూశాడు. "కంప్యూటర్‌లో ఉత్తరం ఏది బేటీ?"

"గిదే సార్. మొత్తం రాసిన. ఒక్క తప్పు లేదు, చూడుండ్రి."

నిజంగానే ఒక్క తప్పు లేదు. పక్క బల్లల దగ్గర ఒకరిద్దరు నవ్వు ఆపుకోవడానికి తల దించుకున్నారు. మేనేజర్ నవ్వలేదు. పుస్తకాన్ని జాగ్రత్తగా మూసి ఆమెకు తిరిగి ఇచ్చి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. ఆమె నా వైపు చూడలేదు. క్లాసు పేరు మాత్రం చెప్పింది. ఆయన నా వైపు ఒకసారి చూసి, "ఇంకొన్నాళ్లు నేర్చుకుని రా అమ్మా" అన్నాడు.

మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాక అడిగింది. "సార్, నేను ఏడ తప్పు జేసిన?"

"వాళ్ల మిషన్ వేరే రకం అమ్మా. మనవాటిలాంటిది కాదు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. అంతవరకూ చెప్పినవన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. ఆమె ఎదురుగా నిలబడి తప్పు తనదేమో అని వెతుక్కుంటుంటే నేను ఇంకో అబద్ధం చెప్పాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను.

ముందు గదిలో తల్లి, వదిన, ఆ అమ్మాయి ముగ్గురూ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నన్ను చూసి తల్లి కుర్చీ చూపించింది. నేను కింద చాప మీదే కూర్చున్నాను. చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడా ఆగకుండా చెప్పేశాను. బల్లల కింద ఉన్నవేంటో, నేను చేసిన బోర్డులేంటో, గుడ్డలెందుకో, నోటు పుస్తకాలెందుకో.

తల్లికి ముందు అర్థం కాలేదు. "గేమ్ అంటె ఏంది సారు? పోరగాండ్లు టీవీల ఆడుతరు, గదేనా?"

"అదే అక్కా."

"గండ్ల మా పిల్ల ఏడాది ఇంగ్లీషు రాసిందా?"

నేను తలూపాను. ఆమె చాట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని గోడకు ఆనుకుంది.

ఆ అమ్మాయి మాత్రం చుట్టడం ఆపలేదు. తల ఎత్తకుండానే అడిగింది.

"మీకు మొదట్నుంచే ఎరుకేనా సార్?"

"తెలుసు."

"నేను కార్డు సంగతి అడిగినపుడు గూడ?"

"అప్పుడు కూడా."

ఆమె చేతిలో ఉన్న బీడీ చుట్టి, దారం కట్టి, చాటలో పెట్టింది. ఇంకో ఆకు తీసుకుంది. వదిన లేచి లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆ అక్షరాలు ఎన్నడు వణకలే సార్" అంది ఆ అమ్మాయి. "మా ఇంట్ల టీవీ గూడ అంత సాఫ్ రాదు. గది చేసింది మీరేనా?"

"నేనే."

"మంచిగ చేసిండ్రు."

అందులో వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకుంది. నేను ఏడ్చాను. నలుగురి ముందు ఏడవడం నాకు అదే మొదలు. వాళ్లు ఆపమనలేదు, ఓదార్చలేదు. వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు.

మర్నాడు క్లాసుకు వెళ్లి పిల్లలందరి ముందు బల్లల కింది డబ్బాలు విప్పాను. కేసెట్లు బయటికి తీసి చూపించాను. కొందరు ఏడ్చారు, ఒకమ్మాయి పుస్తకం నా మీదికి విసిరేసి వెళ్లిపోయింది. అంత కోపంలోనూ ఇద్దరు పిల్లలు మాత్రం విమానం ఆట పెట్టుకుని కాసేపు ఆడారు, వాళ్లనేమనగలను? యజమాని పరుగెత్తుకొచ్చి, "నీకేమన్న దిమాక్ ఖరాబైందా మిస్త్రీ? వేళ్లకు ప్రాక్టీస్ అయింది గదా, ఏం నుక్సాన్ అయిందని?" అన్నాడు. నేను మళ్లీ మిస్త్రీని అయ్యాను. ఆ సాయంత్రం తల్లులు వచ్చి మెట్ల మీద కూర్చుని, కట్టిన ఫీజులు కక్కించేదాకా లేవలేదు. ఆ క్లాసు మూతపడింది. మిగతా పిల్లలు పోగొట్టుకున్నది ఒక ఏడాది. వాళ్ల కార్డులు వాళ్లకున్నాయి, లేదా ఇంకా చేయించుకునే వయసు రాలేదు. కార్డు పోగొట్టుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే.

దాన్ని తిరిగి ఇప్పించే దారి చూద్దామని నేను తల్లితో అన్నాను. వదిన తనంతట తాను "నా పేరు తీసేయమను సారు, ఆమెది ఆమెకు చెయ్యిమను" అంది. ఆమె కూడా ఎవరి పేరు మీదో చుట్టి పెరిగిన మనిషే, ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. నలుగురం కలిసి బ్రాంచికి వెళ్లాం.

బీడీలు దించుకుని, చూసుకుని, పనికిరానివి పక్కన పడేసే వేళ అది. కిటికీ ముందు ఆడవాళ్ల వరుస ఉంది. అది ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాం. మునీమ్ కూడా మనవాడే, ముసలాయన, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని విన్నాడు.

"ఒకసారి మారిన కార్డు మల్ల వెనకకు మార్చరు. గది పైనుంచి వచ్చిన కాయిదా" అన్నాడు. "కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టొచ్చు. జాగ ఉన్నపుడు ఇస్తరు. పాత సర్వీసు మాత్రం రాదు."

"జాగ ఎన్నడుంటది?" అని తల్లి అడిగింది.

"ఏడాది కావచ్చు, రెండేండ్లు కావచ్చు. ఈమెకు వేరే ఆధారం లేదని ముందు తెల్వాలె. వేరే ట్రైనింగ్‌లు అయినోళ్లకు, వేరే పని చేసేటోళ్లకు ఇస్తలేరు ఇప్పుడు."

నేను జరిగింది చెప్పాలని నోరు తెరిచాను. ఒక సంవత్సరం క్లాసు అని మొదలుపెట్టేలోపు ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఎన్నడూ నన్ను తాకిన పిల్ల కాదు. నేను ఆగిపోయాను. ట్రైనింగ్ అన్న మాట అక్కడ పడితే ఉన్న దారి కూడా మూసుకుపోతుందని నాకంటే ముందు ఆమెకు తట్టింది.

మునీమ్ ఒక తెల్లకాగితం ఇటు తోశాడు. "ఎరుకున్న పెద్దమనిషి ఎవరన్న రాసి దస్కత్ పెట్టాలె. మాస్తర్లు గాని, డాక్టర్లు గాని అయితె మంచిది. మీరేం చేస్తరు?"

నేను మెకానిక్‌నని చెప్పబోయాను.

"మాస్తరే" అంది తల్లి. ఆ మాట అంటూ ఆమె నా వైపు చూడలేదు.

కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాశాను. ఏం రాయాలో మునీమ్ చెబుతుంటే మరాఠీలో రాశాను. ఈమె నాకు చాలాకాలంగా తెలుసు. ఈమెకు బీడీలు చుట్టడం తప్ప వేరే పని ఏదీ రాదు. కింద నా సంతకం, సంతకం కింద శిక్షకుడు అని. ఏడాది పాటు నా ఎదురుగా కూర్చుని నేర్చుకున్న పిల్ల గురించి నేను రాసిచ్చిన ఒకే ఒక్క కాగితం అది.

ఆమె దాన్ని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మునీమ్‌కు ఇచ్చింది. ఆయన దరఖాస్తు తెరిచి పేరు, వయసు, తండ్రి పేరు రాసుకున్నాడు. పాత రిజిస్టర్‌లో ఆమె పేరు కొట్టేసిన తారీఖు వెతికి చూశాడు.

"పోయిన ఏడాది కొట్టేసిండ్రు. గప్పట్నుంచి ఇప్పటిదాక ఏం జేసినవమ్మా?" అని అడిగాడు.

"ఏం జెయ్యలే. ఇంట్లనే ఉన్న" అంది.

మునీమ్ అదే రాసుకున్నాడు.